సూళ్లూరుపేటలో రెండు రోజులు: పక్షులు, పడవ, పెద్దవారితో ప్రయాణం గురించి సలహా కావాలి

కొర్లగుంట వాసి, తిరుపతి:

అందరికీ నమస్కారం. సంక్రాంతి తరువాత వచ్చే శని, ఆదివారాల్లో కుటుంబమంతా సూళ్లూరుపేట వెళ్లాలని అనుకుంటున్నాము. మాతో పన్నెండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, డెబ్బై రెండేళ్ల మా నాన్నగారు వస్తున్నారు. నాన్నగారి బాల్యం నాయుడుపేట పక్క పల్లెలో గడిచింది. సాయంత్రం పూట గూడబాతులు (పెలికాన్ పక్షులు) బారులు తీరి ఇంటి మీదుగా వెళ్లేవని ఇప్పటికీ చెబుతుంటారు. ఆయనకు మళ్లీ ఒకసారి వాటిని చూపించాలన్నదే ఈ ప్రయాణానికి అసలు కారణం. అయితే మోకాళ్ల నొప్పి వల్ల ఆయన ఎక్కువ దూరం నడవలేరు, మెట్లు ఎక్కలేరు.

సొంత కారులో శనివారం ఉదయం బయలుదేరుతాము. నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు, కాళంగి నది ఒడ్డు, ఈ మూడింటిలో దేనిని ఏ వేళకు చూడాలి? పిల్లలు పడవ ఎక్కుతామని పట్టుబడుతున్నారు. అది క్షేమమేనా? ఆ ప్రాంతం తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

కాళంగి ఒడ్డు, సూళ్లూరుపేట:

నమస్కారమండీ. 2022 ఏప్రిల్‌లో మా ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చినా, తిరుపతి వారిలో చాలామందికి మేము ఇంకా రాకెట్ ఎగిరే రోజునే గుర్తుకు వస్తాము. మీరు నాన్నగారి కోసం పక్షులను చూడటానికి వస్తున్నారంటే నిజంగా సంతోషంగా ఉంది.

మీరు శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా రండి. సుమారు వంద కిలోమీటర్లు ఉంటుంది. నాయుడుపేట దాటి చెన్నై హైవేలో వస్తుంటే దొరవారిసత్రం దగ్గర నేలపట్టుకు దారి చీలుతుంది కాబట్టి, సూళ్లూరుపేట వచ్చి మళ్లీ ఇరవై కిలోమీటర్లు వెనక్కి వెళ్లే పని లేకుండా ముందుగా అక్కడ ఆగవచ్చు. కానీ మధ్యాహ్నం పన్నెండు గంటలకు చేరుకునేలా మాత్రం రావద్దు. ఆ వేళకు పెద్ద పక్షుల్లో చాలా వరకు మేతకు వెళ్లిపోయి ఉంటాయి. మీరు తెల్లవారుజామున బయలుదేరలేకపోతే శనివారం భోజనం ఇంట్లోనే చేసి, మూడున్నరకల్లా నేలపట్టు చేరుకోండి. గూడబాతులు నేలపట్టు చెరువులో గూళ్లు పెట్టినా, చేపల కోసం పులికాట్ దాకా వెళ్లి పొద్దు వాలే వేళకు తిరిగి వస్తాయి. నాన్నగారు చెప్పే బారులు మీకు కనిపించేది అప్పుడే.

అక్కడ కావలి బురుజు ఉంది కానీ దానికి మెట్లు ఉన్నాయి. నాన్నగారు ఎక్కనవసరం లేదు. చెరువు కట్ట మీద కుర్చీ వేసుకుని కూర్చున్నా నీళ్లలో సగం మునిగి నిలిచిన నీటికడప చెట్లు, వాటి కొమ్మల మీది గూళ్లు బాగా కనిపిస్తాయి. మడత కుర్చీ ఒకటి కారులో పెట్టుకోండి. జనవరిలో గూళ్లలో పిల్లలు ఉంటాయి. తల్లి నోరు తెరవగానే పిల్ల తన తలను మెడ దాకా దాని గొంతు సంచిలోకి దూర్చి చేపను తినే దృశ్యాన్ని మీ అబ్బాయికి తప్పక చూపించండి. నేను ఎన్నిసార్లు చూసినా, ఆ పిల్ల తల తిరిగి బయటికి వచ్చేదాకా చూపు మరల్చలేను. గూడబాతులతో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు కూడా అవే చెట్లను పంచుకుంటాయి.

రాత్రికి సూళ్లూరుపేటలో బస చేసి, ఆదివారం తెల్లవారుతుండగా శ్రీహరికోట రోడ్డు పట్టండి. ఆ రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ తూర్పుగా వెళుతుంది. మా పెద్దలు ఈ సరస్సును ప్రళయకావేరి అనేవారు. ఉదయం సూర్యుడు ఎదురుగా ఉంటాడు కాబట్టి, వెళ్లేటప్పుడు కన్నా తిరిగి వచ్చేటప్పుడు ఆగితే ఫ్లెమింగోల గులాబీ రంగు బాగా తెలుస్తుంది. అయితే అవి రోడ్డుకు దగ్గరగా ఉంటాయా, దూరంగా గీతలా కనిపిస్తాయా అన్నది నీటి మట్టాన్ని బట్టి ఉంటుంది. ఫ్లెమింగో నిలబడి మేసే పక్షి. కాళ్లతో అడుసును కదిలించి, తలను తలకిందులుగా నీటిలో ముంచి, వంకర ముక్కుతో వడగట్టుకుంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువగా పడి నీరు లోతుగా ఉంటే అవి తీరాల వైపు, తిప్పల వైపు పలచని నీరు వెతుక్కుంటాయి. నీరు తగ్గేకొద్దీ రోడ్డు పక్కకు వస్తాయి. అందుకే బయలుదేరే ముందు రోజు ఇక్కడ ఒక మాట అడగండి, నీరు ఎలా ఉందో చూసి చెబుతాను.

చిత్తూరు అమ్మ, చిత్తూరు:

పడవ గురించి అడిగారు కాబట్టి మా అనుభవం చెబుతాను. రెండేళ్ల క్రితం ఫిబ్రవరిలో తడ వైపు ఒక రేవులో మేము పడవ ఎక్కాము. లైఫ్ జాకెట్లు అడిగితే, నడుము లోతు నీటికి జాకెట్లు ఎందుకమ్మా అన్నారు. మేమూ సరే అనుకుని కూర్చున్నాము. అరగంట తరువాత పడవ అడుసులో దిగబడి కదలలేదు. పడవ నడిపే ఆయన దిగి గడతో నెడుతుంటే ఆయన కాళ్లు మోకాళ్ల పైదాకా దిగిపోయాయి. అప్పుడు నాకు అర్థమైంది, ఆ సరస్సులో భయపడవలసింది లోతుకు కాదు, అడుగున ఉన్న అడుసుకు. ఆ కంగారులో మా చిన్నవాడు దూకి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఎండలో గంటన్నర అక్కడే ఉండిపోయాము.

కాబట్టి పిల్లలకు సరిపోయే కొలత జాకెట్ చేతికి ఇచ్చి, బిగించి కట్టిన తరువాతే ఎక్కండి. ఇవ్వకపోతే పిల్లలు ఏడ్చినా వెనక్కి రండి. నాన్నగారిని మాత్రం పడవ ఎక్కించవద్దని నా మనవి. ఒడ్డు నుంచి ఊగే పడవలోకి కాలు వేయడం మోకాళ్ల నొప్పి ఉన్నవారికి చాలా కష్టం.

కొర్లగుంట వాసి, తిరుపతి:

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నేను మధ్యాహ్నానికే నేలపట్టు చేరేలా అనుకున్నాను, మీరు చెప్పకపోతే నాన్నగారికి ఖాళీ కొమ్మలు చూపించి వచ్చేవాడిని. కుర్చీ ఇప్పుడే పక్కన పెట్టాను. మరో రెండు సందేహాలు. శ్రీహరికోట దాకా వెళ్లినవారికి సముద్రపు ఒడ్డుకు అనుమతి ఉంటుందా? తిరుగు దారిలో ఉబ్బలమడుగు జలపాతం చూడవచ్చునా?

నాయుడుపేట రైతు:

శ్రీహరికోట దీవి అంతరిక్ష కేంద్రం భద్రతలో ఉంది కాబట్టి గేటు దాటి సముద్రపు ఒడ్డుకు వెళ్లనివ్వరు. 2019లో తెరిచిన గ్యాలరీ నుంచి రాకెట్ ప్రయోగం చూడాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అది ప్రయోగం ఉన్న రోజుకే పరిమితం. పిల్లలకు సముద్రమే కావాలంటే వాకాడు మండలంలోని తూపిలిపాలెం ఉంది, కానీ అది మరో వైపు దారి. పెద్దవారితో ఒకే ప్రయాణంలో రెండింటినీ కలపవద్దు.

ఉబ్బలమడుగును ఈసారికి వదిలివేయండి. అడవిలో రాళ్ల మీద నడవాలి, ఆ రాళ్లు నున్నగా జారుతాయి. మడుగుల్లో మునిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు.

ఇంకొక విన్నపం. నేలపట్టు కట్ట మీద పిల్లలను కేకలు వేయనివ్వకండి, ఫొటో కోసం చప్పట్లు కొట్టి పక్షులను లేపవద్దు. అవి గూడు వదిలి లేచిన ఆ కొద్దిసేపట్లో కాకులు, గద్దలు గుడ్లను ఎత్తుకుపోతాయి. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు ఎరువుగా పనిచేస్తుంది కాబట్టి, చుట్టుపక్కల పల్లెల వారు వాటిని ఊరి బిడ్డల్లా చూసుకుంటారు. మీ నాన్నగారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. బైనాక్యులర్ ఉంటే తప్పక తెచ్చుకోండి, ఉన్నది ఒక్కటే అయితే ముందు ఆయనకే ఇవ్వండి.

కాళంగి ఒడ్డు, సూళ్లూరుపేట:

పై మాటలన్నీ నిజం. నేను చెప్పడం మరచినవి రెండు ఉన్నాయి. శ్రీహరికోట రోడ్డులో ఉదయం పూట షార్ (అంతరిక్ష కేంద్రం) ఉద్యోగుల బస్సులు వేగంగా వెళుతుంటాయి, కాబట్టి కారును రోడ్డు మీద కాకుండా అంచున వెడల్పుగా ఉన్న చోటే ఆపండి, పిల్లలను రోడ్డుకు అటువైపు దిగనివ్వకండి. ప్రయోగం ఉన్న వారం అయితే లాడ్జీలన్నీ నిండిపోతాయి, తేదీ చూసుకుని గది ముందుగానే మాట్లాడుకోండి.

ఆదివారం పది గంటలకల్లా ఎండ ముదురుతుంది. అప్పుడు కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడికి రండి. ఆ గుడి తలుపులు రాత్రీ పగలూ మూయరు కాబట్టి, నాన్నగారు తొందర లేకుండా దర్శనం చేసుకుని కాసేపు కూర్చోవచ్చు. గురువారం సాయంత్రం రోడ్డు మీదికి వెళ్లి చూసి, నీరు ఎంత ఉందో, ఫ్లెమింగోలు ఏ వైపు ఉన్నాయో ఇక్కడే రాస్తాను.