పారితే నెత్తురు, పేరితే ఏమిటి?

నాగావళి: మా నాయనమ్మ మాట ఒకటి సగమే గుర్తొచ్చి వారంగా సతాయిస్తోంది. "పారితే నెత్తురు, పేరితే..." తర్వాతేమిటి? ఆమెది ఆమదాలవలస పక్క పల్లె. నాన్నకి స్టెంట్ వేశాక రాసిన రెండు రకాల బిళ్ళల్ని మందుల షాపులో "రక్తం పలచబడేవి" అన్నారు. అమ్మ ఆ మాట పట్టుకుని "ఉన్న నెత్తురూ నీరైపోతే మనిషేటవుతాడు" అని నాలుగు రోజులు వెయ్యలేదు. స్ట్రిప్పుల్లో నాలుగేసి బిళ్ళలు ఎక్కువ కనిపించాక నాకు తెలిసింది, కాళ్ళూచేతులూ ఆడలేదు.

చంపావతి: "పేరితే రాయి" అని విన్నాను. కానీ అది "పేరుకుంటే" అయ్యుండాలి. వట్టి "పేరితే" ఎవరంటారు?

నాగావళి: "కు" లేదండి, చెవిలో ఉంది.

వంశధార: పాలకొండ వైపు "నెయ్యి పేరింది" అని ఇప్పటికీ అంటాం. మారు-మార్చు, చేరు-చేర్చు, అలాగే పేరు-పేర్చు. "కొను" తర్వాత అతికింది.

గోస్తని: విజయనగరంలో మందుల షాపు నాది, నేనూ రోజూ "పలచబడే" అనే అంటాను, ఇక అనను. నెత్తురు చిక్కదనం ఎక్కడికీ పోదు, నీళ్ళ మజ్జిగ అవదు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ చేసేదల్లా నెత్తుట్లో గడ్డకట్టించే సన్నటి కణాలైన ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూడడం. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్ళూ, అంటే వారం పది రోజులు, మళ్ళీ సరిగ్గా అతుక్కోలేదు. కానీ రోజూ కొత్తవి పుడుతుంటాయి, అందుకే రోజూ బిళ్ళ. ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు. డాక్టరుకి చెప్పారా?

నాగావళి: తెలిసిన రోజే చెప్పాం. మళ్ళీ వేస్తున్నాం.

చంపావతి: వార్ఫరిన్‌నీ అదే మాట అంటారు, ఆ మందు చేసేది వేరే పని, గడ్డకట్టడానికి కావలసిన విటమిన్ కె ని అడ్డుకుంటుంది. ఆ "కె" కూడా గడ్డకట్టడానికి జర్మన్‌లో ఉన్న "కోఆగులాట్సియోన్" మొదటి అక్షరమే. వాళ్ళు పనిని బట్టి పేరు పెట్టారు, మనం "పలచన" అన్నాం. తెలుగులో పలచనంటే చులకన కూడా కదా, అమ్మగారు భయపడడంలో తప్పేముంది?

వంశధార: అసలు సంగతి ఎవరూ చూడలేదు. చివరి "తే" ని పొట్టి చేసి "నెత్తురూ" అని సాగదీసి చదవండి: పారి, తేనెత్, తురూ, పేరితె. 3-4-3-4 మాత్రలు (పలికే కాలం కొలతలు), అచ్చంగా గురజాడ ముత్యాలసరం ఛందస్సు నడక! ఆయన ఆ నడకని 1910లో అచ్చులోకి తెచ్చాడు గానీ మన ఆడవాళ్ళ నోట అంతకుముందే ఉండుంటుంది. అంటే పాదం అక్కడితో నిండిపోయింది. మీరు మరిచింది ఒక మాట కాదు, మొత్తం రెండో పాదం.

చంపావతి: "తే" పొట్టి అవుతుందా? మా వైపు దీర్ఘమే.

వంశధార: పాటలో అవుతుంది. గురజాడ ఎంత స్వేచ్ఛ తీసుకున్నాడో చూడండి.

నాగావళి: నాయనమ్మ చెల్లెలు నరసన్నపేటలో ఉంది, ఆదివారం వెళ్ళి అడుగుతాను. ఈలోగా మందుల డబ్బా మూత మీద "నెత్తురు పేరకుండా, రోజూ" అని స్కెచ్ పెన్నుతో రాశాను. అమ్మ చదివి "ఇలా చెప్పొచ్చు కదా" అంది.

చంపావతి: "పేరుకోకుండా" అని రాయాల్సింది.