పిల్లల కథల్లో సలీంకి రంజాన్ తప్ప మామూలు రోజు ఉండదా?

బోరబండ అక్క:
మా బస్తీలో సాయంత్రాలు పిల్లలతో కథలు చదివిస్తుంటాను. సగం మంది ఇళ్లలో ఉర్దూ, కొందరిళ్లలో లంబాడీ మాట్లాడతారు. బడిలో తెలుగు. నా దగ్గరున్న బొమ్మల పుస్తకాల్లో సలీం వచ్చాడంటే నెలవంక, టోపీ, షీర్ ఖుర్మా ఖాయం. వాడికి లెక్కలు రాకపోవడం, చెల్లితో కొట్లాట, పతంగి తెగిపోవడం ఏవీ ఉండవు. లంబాడీ అమ్మాయైతే అద్దాల లంగా వేసుకుని ఆడుతూనే ఉంటుంది. మా దగ్గరికొచ్చే పిల్ల మాత్రం రోజూ యూనిఫాంలోనే వస్తుంది, మోచేతి దగ్గర చిరుగుతో సహా. పండగ కథలు వద్దని కాదు. అవొక్కటే ఉంటే మిగతా పిల్లలకు వీళ్లు ఏడాదికోసారి వచ్చిపోయే చుట్టాల్లా కనిపిస్తారు. మామూలు రోజుల కథలు తెలుగులో ఏమున్నాయో చెప్పండి.

కోఠి పాఠకుడు:
ఉన్నాయండీ. మన హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో కథలు తెచ్చింది. ఇంగ్లీషు, మలయాళం, తెలుగు మూడింటిలోనూ వచ్చాయి. గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు అందులో రాశారు. ఖదీర్‌బాబు కథ తలకాయ కూర చుట్టూ నడుస్తుంది. మీకు కావాల్సింది అలాంటిదే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా ఒకసారి వెతకండి.

రిటైర్డ్ టీచర్:
అమ్మా, పండగకైనా వాళ్ల పేరు వస్తోందని సంతోషించాలేమో. అమెరికాలో నాన్సీ లారిక్ అనే ఆవిడ 1962-64 మధ్య వచ్చిన 5,206 పిల్లల పుస్తకాలు చూస్తే, నల్లజాతి వాళ్లు ఒక్కరైనా ఉన్నవి 6.7 శాతమే. 1965లో ఆ లెక్క అచ్చయింది. మీ అరలోని పుస్తకాలూ అలాగే లెక్కపెట్టి చూడండి.

బోరబండ అక్క:
లెక్క తప్పకుండా వేస్తాను మాస్టారూ, పిల్లలతోనే వేయిస్తాను. కానీ పేరు వస్తే చాలని మాత్రం ఒప్పుకోలేను. ఒక పుస్తకంలో సైకిల్ రిపేర్ చేసే ముస్లిం తాత ఉన్నాడు. ఊరి పిల్లలంతా చందాలేసుకుని ఆయనకు దుప్పటి కొనిస్తారు, కథ అయిపోతుంది. పేరుంది, కానీ ఆయన నోట ఒక్క మాట లేదు! దుప్పటి పుచ్చుకునే తాతలు మాకు చాలు. మనవడి హోంవర్క్ చూసి మొట్టికాయ వేసే తాత కావాలి. కోఠి అన్నా, శ్యామల గారి కథల తెలుగు ప్రతి మీ దగ్గరుంటే నెల రోజులకు ఇస్తారా? అట్ట వేసి జాగ్రత్తగా తిరిగిస్తాం.