బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లకు ఏ ఇంకులు వాడాలి?

ప్రశ్న: నా ఇంక్‌జెట్‌లో నలుపు ఒకటే, మిగతావన్నీ రంగులు. బ్లాక్ అండ్ వైట్ ఫొటో కిటికీ దగ్గర బాగానే ఉంటుంది, అదే ప్రింటు రాత్రి లైటు కింద ఆకుపచ్చగా కొడుతోంది. ఒక్క నల్ల ఇంకుతోనే తీస్తే ముఖాల మీద చుక్కలు కనిపిస్తున్నాయి. బూడిద ఇంకుల సెట్టుకు మారాలా?

జవాబు: తప్పు మీ ఫొటోది కాదండీ. బూడిద రంగు కోసం ప్రింటర్ సయాన్, మజెంటా, పసుపు కలుపుతుంది, వెలుతురు మారితే ఆ మిశ్రమం వేరేలా కనిపిస్తుంది. దీన్నే మెటామెరిజం అంటారు. ఒక్క నలుపుతో అయితే లేత చోట్ల చుక్కలు దూరం దూరంగా పడతాయి కాబట్టి కంటికి తెలిసిపోతాయి. నలుపుతో పాటు బూడిద ఇంకులూ ఉన్న ప్రింటర్ చూడండి, ఎప్సన్ కే3 ఇంకుల్లో మూడు స్థాయిల నలుపు ఉన్నది ఇందుకే.

జవాబు: నేను రంగు ఇంకుల బదులు కార్బన్ పిగ్మెంట్ సెట్టు (సన్నని కార్బన్ పొడి కలిపిన నలుపు, బూడిద ఇంకులు) వాడుతున్నాను. లేత బూడిదలు ఎంత మెత్తగా కలుస్తాయంటే, మళ్లీ వెనక్కి వెళ్లబుద్ధి కాలేదు. కాకపోతే శుద్ధ కార్బన్‌కు కాస్త గోధుమ ఛాయ ఉంటుంది, పైగా ఆ ప్రింటర్‌లో ఇక రంగు ఫొటోలు తీయలేరు, వారానికోసారైనా ఏదో ఒకటి తీయకపోతే నాజిల్స్ (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు) మూసుకుపోతాయి. డై ఇంకులు (పొడి కాకుండా, రంగు ద్రవంలో కరిగి ఉండే రకం) మాత్రం వద్దు, సాధారణంగా పిగ్మెంట్ కన్నా త్వరగా వెలిసిపోతాయి.

జవాబు: కాగితం ఏదో చెప్పలేదు. మ్యాట్ (మెరుపు లేని) కాగితానికి మ్యాట్ బ్లాక్ ఇంకు, గ్లాసీ (మెరిసే) కాగితానికి ఫొటో బ్లాక్ ఇంకు. మ్యాట్ మీద ఫొటో బ్లాక్ వేస్తే నలుపు పాలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: మ్యాట్ కాగితమే, ఇన్నాళ్లూ ఫొటో బ్లాక్‌తోనే తీస్తున్నాను! ముందు అది మార్చి చూస్తాను.