వానల ముందు తేనె మొత్తం తీసేసి పంచదార పాకం పెట్టొచ్చా?

మధురవాడ మేడ:
మేడ మీద రెండు తేనెటీగల పెట్టెలున్నాయి, మన నాటు ఈగలే. ఈసారి కానుగ పూత బాగా పూసింది, పై అర తేనెతో నిండితే తీసేశాను. కింద పిల్లలు పెరిగే అరలోనూ, పట్టు కట్టే ఫ్రేముల పైభాగాన మూతలు వేసిన తేనె కనిపిస్తోంది. జూన్ దగ్గరికొచ్చేసింది. అదీ తీసేసి వానాకాలమంతా పాకం పోస్తే చాలని ఓ మిత్రుడు అంటున్నాడు. చేయొచ్చా?

సబ్బవరం తోట:
చేయొచ్చండీ. నేను ఏటా చేసేది అదే. పంచదార కిలో యాభై లోపు, తేనె నేను ఆరువందలకి అమ్ముతాను. వానల్లో ఈగకి కావాల్సింది కడుపు నిండటం. దసరా దాటాక అరకులో వలిసె చేల పూతకి పెట్టెలు ఎక్కించేదాకా నిలబెట్టేది పాకమే.

ఆనందపురం:
సబ్బవరం గారూ, మీవి ఇటాలియన్ ఈగలు అయుంటాయి. నాటు ఈగకి తిండి తగ్గితే పెట్టె వదిలేసి పోతుంది. రెండేళ్ల కిందట నేనూ ఇలాగే ఆశపడ్డాను. జూలైలో మూడు రోజులు విడవని ముసురు, పెట్టె దగ్గరికే వెళ్లలేదు. నాలుగో రోజు మూత తీస్తే పాకం గిన్నె నిండా చీమలు, ఖాళీ పట్లు, అడుగున గుప్పెడు చచ్చిన ఈగలు. రాణి లేదు, పిల్ల లేదు. ఓ మూల మైనపు పురుగు అప్పుడే గూడు అల్లేసింది.

ఇంకోటి. పిల్లల అరలో తేనె, పిల్లలు ఒకే ఫ్రేములో ఉంటాయి. పైన తేనె, దాని కింద పుప్పొడి, ఆ కింద పిల్లలు. దాన్ని తేనె తీసే యంత్రంలో పెట్టి తిప్పితే తెల్లటి పురుగులు కూడా ఎగిరొచ్చి తేనెలో పడతాయి. ఆ తేనె ఎవరికి అమ్ముతాం?

సబ్బవరం తోట:
ఇటాలియన్ ఈగలే, ఒప్పుకుంటాను. కానీ స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టుంటే చీమలు ఎక్కేవి కావు. పాకాన్ని తిట్టి లాభమేంటి?

పెందుర్తి:
పై అర ఉండగా మాత్రం పాకం పోయకండి. ఈగలు దాన్నే మోసుకెళ్లి అరల్లో నింపేస్తాయి. చెరకు పంచదారలోని కార్బన్ వేరు, పూల తేనెలోది వేరు. ఆ తేడా పట్టే ఐసోటోపు పరీక్షలో కల్తీ అని తేలిపోతుంది, మనం ఒట్టేసినా ఎవరూ నమ్మరు.

సబ్బవరం తోట:
అది నిజం. పై అరలు దించాకే పోస్తాను.

మధురవాడ మేడ:
సాయంత్రం రెండూ తెరిచి చూశాను. ఒకదాంట్లో నాలుగు ఫ్రేముల పైన బెత్తెడేసి తేనె ఉంది. ముట్టుకోలేదు. రెండోది ఎత్తితే తేలిగ్గా లేచొచ్చింది, లోపల దాదాపు ఏమీ లేదు. దానికి మాత్రం పాకం పోస్తాను, పంచదార ఎంతో నీళ్లూ అంతే. సరేనా?

ఆనందపురం:
సరే. గిన్నెలో నాలుగు పుల్లలు వేయండి, లేకపోతే ఈగలు మునిగిపోతాయి.

సబ్బవరం తోట:
చీకటి పడ్డాకే పెట్టండి. పగలు పెడితే ఆ బలమైన పెట్టె ఈగలొచ్చి దోచుకుపోతాయి.