ముందుపంటి బాండింగ్ అంచున గోధుమరంగు గీత: మొత్తం తీసి మళ్లీ వేయించుకోవాలా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. పై వరుస ముందుపళ్లలో ఒకదాని మూల విరిగి, పక్క పంటికీ దానికీ మధ్య సందు కూడా ఉండడంతో, కొన్నేళ్ల క్రితం విశాఖపట్నంలో కాంపోజిట్ బాండింగ్ (పంటి రంగు రెజిన్‌ను పంటికి అతికించి ఆకారం సరిచేయడం) చేయించుకున్నాను. ఇప్పుడు బాండింగ్, అసలు పన్ను కలిసే చోట సన్నని గోధుమరంగు గీత కనబడుతోంది. మునుపటి మెరుపు లేదు. కింది అంచున చిన్న పెచ్చు ఊడి నాలుకకు గరుకుగా తగులుతోంది. నొప్పి గాని, చల్లనీళ్లకు జివ్వుమనడం గాని లేదు. ఇక్కడ చూపించుకుంటే మొత్తం తీసేసి కొత్తది వేయాలన్నారు. మా పెదనాన్నగారేమో ఎలాగూ ఖర్చు పెడుతున్నావు కాబట్టి పింగాణీ వెనీర్ (పంటి ముందువైపు అతికించే పలుచని పలక) వేయించుకోమంటున్నారు. పళ్లు తెల్లగా చేయించుకోవాలని కూడా ఉంది. వీటిలో ఏది అవసరమో, ఏది ముందు చేయించుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (బరంపురం, దంతవైద్యుడు)

అమ్మా, పన్ను చూడకుండా తీర్పు చెప్పలేను గాని, మీరు రాసిన లక్షణాలను బట్టి మొత్తం తీసేయవలసిన అవసరం ఉన్నట్టు అనిపించడం లేదు. అంచున గీత ఉన్నంత మాత్రాన లోపల పుచ్చినట్టు కాదు. బాండింగ్ చివర ఏర్పడే సన్నని మెట్టులో టీ, పసుపు, తమలపాకు రంగులు చేరి అలా కనబడటం మామూలే. ఆ చోటు గట్టిగానే ఉండి, ఎక్స్‌రేలో కింద నల్లని నీడ లేకపోతే, సన్నని డిస్కులతో అంచు సాపుచేసి పాలిష్ పెడితే చాలాసార్లు గీత పోతుంది. ఆ చోటు మెత్తబడినా, బాండింగ్ కదులుతున్నా, చిగురు దగ్గర ఆహారం ఇరుక్కుంటున్నా అది వేరే సంగతి. అప్పుడు తీయక తప్పదు.

పెచ్చు ఊడిన చోట కొత్త కాంపోజిట్‌ను పాతదానికే అతికించవచ్చు. పాత ఉపరితలాన్ని గరుకు చేసి, సైలేన్ (పాత, కొత్త పదార్థాలు అతుక్కోవడానికి తోడ్పడే ద్రవం), ఆపైన బాండింగ్ ద్రవం పూసి, కొత్త పదార్థం వేసి నీలి కాంతితో గట్టిపరుస్తారు. తీసివేయడానికి నేను వెనకాడే కారణం ఒకటే. 1955లో బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే రెజిన్ గట్టిగా పట్టుకుంటుందని చూపించారు. ఈ చికిత్స నేటికీ ఆ పునాది మీదే, అంటే మంచి ఎనామిల్ మిగిలి ఉండడం మీదే, నిలిచి ఉంది. కాంపోజిట్ రంగు పంటి రంగులో కలిసిపోతుంది కాబట్టి, దాన్ని పూర్తిగా తీసే ప్రతిసారీ ఎంత జాగ్రత్తపడినా కొంత మంచి ఎనామిల్ కూడా పోతుంది, అది మళ్లీ పెరగదు. పింగాణీ వెనీర్‌కు సాధారణంగా అర మిల్లీమీటరు వరకు పన్ను అరగదీయవలసి వస్తుంది. వెనీర్ రంగు పట్టదు, ఎక్కువ కాలం నిలుస్తుంది, నిజమే. కాని అరగదీసిన పంటికి ఇక ఎప్పటికీ ఏదో ఒక తొడుగు ఉండాల్సిందే. ఒక్క పంటి మూలకు దాన్ని నేను సూచించను.

తెల్లబరచుకోవాలంటే అదే ముందు చేయించుకోండి. ఆ మందు అసలు పంటిని తెల్లబరుస్తుంది గాని కాంపోజిట్ రంగు మార్చదు. పైగా అది వాడిన వెంటనే పంటిలో మిగిలే ఆక్సిజన్ రెజిన్‌ను సరిగా గట్టిపడనివ్వదు. అందుకని రెండు వారాలైనా ఆగి, పంటి రంగు నిలకడగా స్థిరపడ్డాక, దానికి సరిపోయే కాంపోజిట్‌తో మరమ్మతు చేయించుకోవాలి. మరమ్మతు రోజున పన్ను ఆరకముందే షేడ్ (పంటికి సరిపోయే రంగు ఛాయ) చూడమనండి. పన్ను ఆరితే తాత్కాలికంగా తెల్లగా కనబడి ఎంపిక తప్పుతుంది.

జవాబు 2 (రాయగడ)

డాక్టరుగారు చెప్పిన దానికి ఒక విషయం కలుపుతున్నాను. మనలో చాలామంది పని ఆంధ్రలో చేయించుకుని మరమ్మతు ఒడిశాలో చేయించుకుంటాం. వాడిన కాంపోజిట్ కంపెనీ పేరు, షేడ్ (ఏ2 వంటిది) పాత చీటీలో ఉంటే విశాఖ దాకా మళ్లీ వెళ్లవలసిన పని లేదు. లేకపోతే ఫోన్ చేసి రాయించుకోండి. నాకు బాండింగ్ తరచూ విరగడానికి కారణం నిద్రలో పళ్లు కొరకడం అని తేలింది. రాత్రి పెట్టుకునే నైట్‌గార్డ్ చేయించుకున్నాక విరగడం ఆగింది. ఇంట్లో ఎవరైనా గుడాఖుతో పళ్లు తోముకుంటుంటే దయచేసి మాన్పించండి. మరక సంగతి అటుంచి, అందులో ఉండేది పొగాకు. నోటికి అంతకు మించిన చేటు లేదు.

ప్రశ్నించినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాకు ప్రతి ఏడూ గార తీయించుకునే అలవాటుంది. దానివల్ల బాండింగ్ చెడుతుందా? బొగ్గు పేస్టు వాడవచ్చా?

జవాబు (బరంపురం, దంతవైద్యుడు)

గార తప్పకుండా తీయించుకోండి, కాని ఏ పంటికి బాండింగ్ ఉందో ముందే చెప్పండి. గార తీసే అల్ట్రాసోనిక్ పరికరం మొన నేరుగా దాని మీద తగిలితే గీతలు పడతాయి. ఫ్లోరైడ్ పూసేటట్లయితే ఆమ్లం కలిసిన జెల్ బదులు న్యూట్రల్ సోడియం ఫ్లోరైడ్ అడగండి, ఎందుకంటే ఆమ్లపు జెల్ కాంపోజిట్ ఉపరితలాన్ని గరుకు చేస్తుంది. బొగ్గు పేస్టు, పళ్లపొడి, బూడిద వద్దు. మెత్తని బ్రష్, మామూలు ఫ్లోరైడ్ పేస్టు చాలు. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింతను డాక్టరు చెప్పినన్ని రోజులే వాడండి, అది గోధుమ మరకలు వేస్తుంది. చెరకు, సీసా మూతలు, దారం ఆ పంటితో కొరకకండి. మొదట ఎక్స్‌రే తీయించుకుని, అది చూశాకే మరమ్మతుకు తేదీ పెట్టుకోండి.