ఇళ్ళు మార్చుకుని యూరప్ వెళ్ళడం: మన కుటుంబాలకు గిట్టుబాటవుతుందా?

ఉప్పుటేరు (చర్చ మొదలు)

హైదరాబాద్‌లోనో విశాఖలోనో సొంత ఫ్లాటున్న కుటుంబం, ఫ్రాన్స్‌లోనో జర్మనీలోనో ఉన్న కుటుంబంతో రెండు వారాలు ఇల్లు మార్చుకోవడం గురించి ఈ చర్చ. వాళ్ళు మన ఇంట్లో ఉంటారు, మనం వాళ్ళ ఇంట్లో ఉంటాం, అద్దె మాట ఉండదు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇళ్ళ మార్పిడి కుదిర్చే సంస్థలు ఇంటర్‌వాక్, హోమ్‌లింక్ 1953 నుంచీ నడుస్తున్నాయి. పొడుగాటి వేసవి సెలవులు ఉండే టీచర్లకు ఇది బాగా నప్పింది.

యూరప్‌వాళ్ళు వాళ్ళలో వాళ్ళు మార్చుకుంటే చవకే, ఒప్పుకుంటాను. మనకు మాత్రం కాదంటాను. ఒకటి వీసా. రెండోది, వాళ్ళ సెలవులూ మన సెలవులూ కలవవు. మూడోది అసలు సమస్య: అత్తమామలో అమ్మానాన్నలో కలిసి ఉండే ఇల్లు రెండు వారాలు ఖాళీ ఎలా అవుతుంది? కాదనేవాళ్ళు లెక్కలతో రండి.

హుస్సేన్‌సాగర్ గట్టు

లెక్కలతోనే వస్తున్నా అన్నా. ఇద్దరు పెద్దలు, తొమ్మిది, పదకొండేళ్ళ పిల్లలు ఇద్దరు, 14 రాత్రులు అనుకుందాం. నలుగురు పట్టే అపార్ట్‌మెంట్‌కు రాత్రికి 140 యూరోలు వేసుకుంటే 1,960 యూరోలు. యూరో వంద రూపాయల లెక్కన దాదాపు రెండు లక్షలు. రోజుకు ఒక్క పూట బయట తిన్నా మనిషికి 15 యూరోల చొప్పున 14 రోజులకు 840 యూరోలు. వంటిల్లు ఉంటే అందులో సగానికి పైగా మిగులుతుంది. చేతిలో వాషింగ్ మెషిన్ ఉంటే బట్టలు సగమే సర్దుకుపోతాం, అదనపు లగేజీ బాధ ఉండదు.

ఖర్చు వైపు చూడండి. ఇళ్ళ మార్పిడి సైటు హోమ్ ఎక్స్చేంజ్ సభ్యత్వం ఏడాదికి సుమారు 235 డాలర్లు, అంటే ఇరవై వేల రూపాయలు. మన ఇల్లు లోతుగా శుభ్రం చేయించడానికి, కొత్త దుప్పట్లు, తువ్వాళ్ళకు ఇంకో పదీ పన్నెండు వేలు వేయండి. తీసేయగా లక్షన్నరకు పైగా మిగలాలి. విమానం, వీసా ఖర్చులు ఎటూ పెట్టాల్సినవే, వాటిని ఈ లెక్కలోకి లాగొద్దు.

ఒక మాట నేనే చెప్తా. థాయ్‌లాండ్‌కో వియత్నాంకో పోయేవాళ్ళకు ఇదంతా దండగ. అక్కడ హోటలే చవక. హోటల్ ఖరీదైన చోటే ఈ పద్ధతికి విలువ.

ఉప్పుటేరు

మిగులు ఉందని ఒప్పుకుంటాను. వీసా ఖర్చును పక్కన పెట్టమన్నారు, సరే: 2024 జూన్ నుంచి షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా) ఫీజు పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు 45. నా అభ్యంతరం ఫీజు మీద కాదు, బస రుజువు మీద. హోటల్‌కు వెళ్తే బుకింగ్ కాగితం పెడతాం. ఇల్లు మార్చుకుంటే ఏం పెడతాం? ఫ్రాన్స్‌లో ఎవరైనా తన ఇంట్లో విదేశీయుణ్ణి ఉంచుకోవాలంటే వాళ్ళ మునిసిపల్ ఆఫీసు నుంచి ఆతిథ్య ధ్రువపత్రం తేవాలి. దాన్ని ‘అటెస్టాసియోఁ దక్యూయ్’ అంటారు. ఇంటాయన స్వయంగా వెళ్ళాలి, 30 యూరోల స్టాంపు కట్టాలి, ఆదాయం, ఇంటి వైశాల్యం చూపించాలి. ఆఫీసు కాదంటే ఆ 30 యూరోలు వెనక్కి రావు. ‘వీళ్ళకు నా ఇంట్లో నేను బస ఇస్తున్నాను’ అని చెప్పే కాగితం అది. ఆ రోజుల్లో ఆయనే హైదరాబాద్‌లో మన సోఫాలో ఉంటాడు కదా, ఆఫీసువాళ్ళు అడిగితే ఏం చెప్తాడు?

మామిడితోపు

ఇంత అవస్థ ఎందుకండీ? రద్దు చేసుకోగలిగే హోటల్ బుక్ చేసి వీసాకు పెట్టండి, వీసా రాగానే రద్దు చేయండి. చాలామంది చేసేదే.

రైన్ ఒడ్డు

దయచేసి ఆ దారి ఎవరికీ చెప్పకండి. షెంగెన్ సరిహద్దులో పోలీసు అధికారికి బస కాగితం అడిగే హక్కు ఉంది. వీసాలో చూపించిన హోటల్ రద్దయి ఉండి, మీరు ‘ఫలానావాళ్ళ ఇంట్లో ఉంటాం’ అంటే మాట పొంతన కుదరదు. వీసాను అక్కడికక్కడే రద్దు చేయగలరు. పిల్లలతో విమానం దిగి అలా ఇరుక్కోవడం కంటే ఘోరం లేదు. పైగా ఆ మచ్చ తర్వాతి దరఖాస్తులన్నిటి మీదా పడుతుంది. 2024 ఏప్రిల్ నుంచి భారతీయులకు మంచి వెసులుబాటు వచ్చింది: మూడేళ్ళలో రెండు వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవాళ్ళకు రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ, ఆ తర్వాత ఐదేళ్ళది ఇస్తున్నారు. ఇళ్ళు మార్చుకునేవాళ్ళకు అది బంగారం. దాన్ని ఒక అబద్ధపు కాగితం కోసం పోగొట్టుకోకూడదు.

జర్మనీ సంగతి కాస్త నయం. సొంత డబ్బు చూపించగలిగితే ఇంటివాళ్ళు అక్కడి ఆఫీసులో ఇచ్చే మన ఖర్చుల హామీ పత్రం తప్పనిసరి కాదు. ఇంటివాళ్ళ ఉత్తరం, వాళ్ళ గుర్తింపు కార్డు నకలు, ఇద్దరి మధ్య రాసుకున్న ఒప్పందం పెట్టి, మార్పిడి అని దాచకుండా కవరింగ్ లెటర్‌లో రాయాలి. ఉత్తరంలో చిరునామా, తేదీలు, వచ్చేవాళ్ళందరి పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లు ముందూ వెనకా అయ్యేది ఇక్కడే.

తులసికోట

కాగితాల సంగతి మీరు చూసుకోండి. ఇంటి సంగతి నేను చెప్తాను, ఎందుకంటే మార్పిళ్ళు చెడేది ఎక్కువగా అక్కడే.

ఫ్రాన్స్ నుంచి వచ్చినవాళ్ళకు గీజర్ స్విచ్ వేయాలనే తెలియదు, ఆపాలని అసలే తెలియదు. కుళాయి నీళ్ళు తాగేస్తారు, ఆర్‌ఓ ఎందుకో చెప్పాలి. సిలిండర్ రెగ్యులేటర్ తిప్పడం, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఏవి నడుస్తాయో, మోటరు ఎవరు వేస్తారో, చెత్తబండి ఎన్నింటికి వస్తుందో, దోమతెర తలుపు ఎన్నింటికి మూయాలో, అన్నిటికీ చిన్న చిన్న వీడియోలు తీసి పంపండి. కాగితం మీద రాస్తే చదవరు. స్విచ్ బోర్డుల మీద చీటీలు అంటించండి. మన ప్లగ్గుల్లో వాళ్ళ సన్న పిన్నుల ఛార్జర్ వదులుగా పడుతుంది, లావు గుండ్రటి పిన్నులది సరిగా కుదరదు. రెండు అడాప్టర్లు కొని ఉంచండి.

ఒక అల్మారా, ఒక గది తాళం వేసుకోండి. బంగారం బ్యాంకు లాకర్లో, ఆస్తి కాగితాలు కూడా. పూజ గది గురించి, ఇంట్లో మాంసం వండటం గురించి మొదటి ఉత్తరంలోనే రాయండి. మొహమాటపడి చెప్పకపోతే వచ్చాక మనసు విరుగుతుంది. శాకాహార వంటిల్లు అని ముందే రాస్తే అభ్యంతరం లేనివాళ్ళే అడుగుతారు. పనమ్మాయికి ఆ రెండు వారాల జీతం మీరే ఇచ్చి, రోజు విడిచి రోజు రమ్మనండి. వచ్చినవాళ్ళకు సాయం, తులసికి నీళ్ళు, ఇంట్లో ఏం జరుగుతోందో మీకు కబురు.

రైన్ ఒడ్డు

తులసికోట గారు చెప్పినదానికి ఇవతలి వైపు, అంటే యూరప్ ఇళ్ళ సంగతి చెప్తాను. ఇక్కడి బాత్‌రూముల్లో షవర్ బయట నేలకు నీళ్ళు పోయే తూము మామూలుగా ఉండదు. బకెట్, చెంబుతో స్నానం చేస్తే నీళ్ళు కింది ఫ్లాటు కప్పులోకి దిగుతాయి. పొయ్యి ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు, అయస్కాంతం అంటుకునే అడుగున్న స్టీలు కుక్కరే తెచ్చుకోవాలి. గాజు పొయ్యి మీద బరువైన గిన్నె జారవిడిస్తే పగులుతుంది. ఎండుమిర్చి తాలింపుకు పొగ గంట మోగుతుంది. దాని మీద ప్లాస్టిక్ సంచి కట్టడం నిప్పుతో చెలగాటం, చేయకండి. పొగ లాగే హుడ్ వేసి, కిటికీ తెరిచి, మిర్చి చివర్లో వేయండి. తెల్లటి కౌంటర్ మీద పసుపు పడితే అప్పుడే తుడవాలి, రాత్రంతా ఉంటే మరక పోదు. జర్మనీలో రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా, ఆదివారమంతా గోల చేయకూడదు. కాగితం, ప్లాస్టిక్, తడి చెత్త వేర్వేరు డబ్బాల్లో వేయకపోతే ఇరుగుపొరుగు మాట పడేది ఇంటివాళ్ళు.

ఇవన్నీ పాడుచేస్తే ఎవరు కట్టాలి? మన ట్రావెల్ పాలసీల్లో ‘వ్యక్తిగత బాధ్యత’ అని ఉంటుంది కానీ, మీ స్వాధీనంలో ఉన్న వస్తువులకు వర్తించదనే మినహాయింపు మామూలుగా ఉంటుంది. షెంగెన్ అడిగే 30,000 యూరోల బీమా వైద్యం కోసమే. అందుకని ఇద్దరూ ముందే ఒక మొత్తం రాసుకోవాలి: ఇంతవరకు వాడినవాళ్ళే భరిస్తారు అని.

పెన్నా తీరం

మీరెవరూ ముట్టుకోని విషయం ఒకటుంది. మన దేశంలో విదేశీయుణ్ణి ఇంట్లో ఉంచుకున్నవాళ్ళు, డబ్బు తీసుకోకపోయినా సరే, 24 గంటల్లోపు విదేశీయుల నమోదు కార్యాలయమైన ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయాలి. ఫారం-సి అంటే అందరికీ తెలిసేది ఇదే. హోటళ్ళకే అనుకుంటారు, ఇళ్ళకూ వర్తిస్తుంది. యూజర్ ఐడీ కోసం ఇంటి రుజువుతో దరఖాస్తు చేస్తే అధికారి ఆమోదించాలి. అతిథి విమానం దిగిన రోజున మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. కనీసం నెల ముందు ఐడీ తెచ్చుకోండి. పాస్‌పోర్టు, వీసా పేజీ, ఫోటో వాళ్ళ దగ్గర ముందే తీసుకోండి. మీరు అప్పటికి యూరప్‌లో ఉంటారు కాబట్టి పోలీసు ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఊళ్ళో ఉండాలి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఈ పని చేయకూడదు. గేటెడ్ కమ్యూనిటీలో సంఘం బైలాస్ చూసి, సెక్యూరిటీ యాప్‌లో అతిథుల పేర్లు పెట్టించండి. భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ ఉంటే ఇంటికీ మామూలు సామానుకూ రక్షణ ఉంటుంది. నగల్లాంటి విలువైనవి విడిగా చేర్పించకపోతే లెక్కలోకి రావు.

కారు మాత్రం మార్చుకోకండి. మన కారు బీమా విదేశీ డ్రైవర్ల విషయంలో ఎలా ఉంటుందో కంపెనీ రాతపూర్వకంగా చెప్పేవరకు తాళం ఇవ్వకపోవడమే మేలు.

ఉప్పుటేరు

ఇల్లు సిద్ధం చేయడం నేర్చుకోవచ్చు, ఫారం-సి చేయొచ్చు. తేదీలు? ఎవరూ జవాబివ్వలేదు. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది, ఫ్రాన్స్‌లో శరదృతువు సెలవులు 18న మొదలయ్యాయి. మన పిల్లలు బడికి వెళ్ళిపోయారు. 2026లో దసరా 20న, వాళ్ళ సెలవులు 17 నుంచి. కాస్త కలుస్తాయి, రెండు వారాలు మాత్రం కాదు. ఏప్రిల్ చివర్లో ఫ్రాన్స్‌లో కొన్ని ప్రాంతాల బడులకు సెలవులు ఉంటాయి, మనకూ అప్పుడే మొదలవుతాయి. కానీ రోహిణి కార్తెకు ముందు ఎండల్లో పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ ఎవరొస్తారు? వాళ్ళు రావాలనుకునే డిసెంబరులో మన పిల్లలకు బడి.

హుస్సేన్‌సాగర్ గట్టు

అందుకే ఒకేసారి మార్చుకోవాలన్న పట్టు వదలాలి. హోమ్ ఎక్స్చేంజ్‌లో గెస్ట్‌పాయింట్లు ఉన్నాయి. ఒకరు మన ఇంట్లో ఉంటే రాత్రికి ఇన్ని పాయింట్లని మనకు వస్తాయి, వాటితో వేరే ఎవరింట్లోనైనా, వేరే నెలలో ఉండొచ్చు. ఇల్లెంత పెద్దది, ఎక్కడుంది, ఏమున్నాయి అన్నదాన్ని బట్టి పాయింట్లు.

మన ఇల్లు ఏటా తనంతట తానే ఖాళీ అయ్యే వారం ఒకటుంది: సంక్రాంతి. అత్తమామలతో సహా అందరం ఊరికి పోతాం. హైదరాబాద్‌లో వాతావరణం అప్పుడే బాగుంటుంది. బడి పిల్లలున్న యూరప్ కుటుంబాలు జనవరి మొదటి వారానికే వెనక్కి పోతాయి, నిజమే. రిటైరైన దంపతులకు ఆ అడ్డు లేదు, చలి తప్పించుకోవడానికి వాళ్ళు జనవరిలోనే తిరుగుతారు. వాళ్ళకు ఇల్లివ్వండి. మే నెలలో ఆ పాయింట్లు వాడండి. మేలో వాళ్ళ పిల్లలకు బడే కాబట్టి ఉండే ఇళ్ళు దొరకవు, కానీ పల్లెలో, సముద్రం దగ్గర వాళ్ళు పెట్టుకున్న రెండో ఇళ్ళు జులై దాకా ఖాళీ.

రైన్ ఒడ్డు

ఇందులో ఇంకో లాభం ఉంది, ఉప్పుటేరు గారి మొదటి అభ్యంతరానికి జవాబు కూడా. రెండో ఇల్లు ఇచ్చేవాళ్ళు దేశం విడిచి వెళ్ళరు. ఆ మునిసిపల్ ఆఫీసుకు వాళ్ళే వెళ్ళి, ఉన్నమాట ఉన్నట్టు చెప్పి ధ్రువపత్రం అడగొచ్చు. ఏ ఊరి ఇంటికి ఆ ఊరి ఆఫీసు కాబట్టి, వాళ్ళు ఎప్పుడు అక్కడికి వెళ్తారో ముందే కనుక్కోవాలి.

ఉప్పుటేరు

ఇది మంచి వాదన. సంక్రాంతి మాట నాకు తట్టలేదు. అయినా ఒక వారం ఇచ్చి రెండు వారాలు తీసుకోలేం కదా. ఇంటి విలువ సమానమనుకుంటే ఏడు రాత్రులకు ఏడు రాత్రులే. రెండు సంక్రాంతులు ఇచ్చి ఒక మే, లేదా దసరాకు ఇంకో వారం కలపాలి. అంటే రెండేళ్ళ సభ్యత్వం, గట్టు గారి లెక్కలో ఇంకో ఇరవై వేలు తీసేయాలి. మూడో అభ్యంతరం కూడా పూర్తిగా పోలేదు. పెద్దవాళ్ళు ప్రయాణం చేయలేని ఇంటికి సంక్రాంతి కూడా ఖాళీ తేదు.

తులసికోట

అలాంటి ఇంటివాళ్ళు ఈ పనికి దిగకూడదు. పెద్దవాళ్ళను రెండు వారాలు ఇంకొకరింట్లో సర్దడం చవక కాదు.

పెన్నా తీరం

అయితే మిగతావాళ్ళకు క్రమం ఇది. సెప్టెంబరులో ఇంటి ఫోటోలు పగటి వెలుతురులో తీసి పెట్టండి, బాత్‌రూము ఫోటో తప్పకుండా ఉండాలి. అక్టోబరు, నవంబరుల్లో జనవరి అతిథులతో వీడియోలో మాట్లాడండి, వాళ్ళు ఫోన్ పట్టుకుని తమ ఇల్లంతా తిప్పి చూపించాలి. అది చేయనివాళ్ళను వదిలేయండి. డిసెంబరు మొదట్లోనే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ఐడీ. జనవరిలో పాయింట్లు రాగానే మే ఇల్లు ఖాయం చేసి, ధ్రువపత్రం అడగండి. షెంగెన్ దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు వేయొచ్చు, కానీ పరిశీలన 45 రోజులకు సాగే అవకాశం ఉంది కాబట్టి ఫిబ్రవరి చివరికి వేయండి. విమానం టికెట్ వాపసు వచ్చేదే తీసుకోండి. ధ్రువపత్రం అసలు కాగితం కొరియర్‌లో వచ్చేసరికి రెండు వారాలు పట్టొచ్చు, దాన్ని కూడా లెక్కలో వేసుకోండి.