క్యాంపస్ మాటలు, మారుపేర్లు: బ్యాచ్ సంచికలో ఎలా రాయాలి?

ఆరో పీరియడ్ (ప్రశ్న):
మా బ్యాచ్ కలయికకు ఒక సంచిక వేస్తున్నారు. అందులో "మన మాటలు" అనే శీర్షిక నా నెత్తిన పడింది. బంక్, ప్రాక్సీ, సప్లీ లాంటివి పక్కన పెట్టేశాను. అవి ఏ కాలేజీవాళ్లకైనా ఉన్నవే. మావి అనదగ్గవి వేరే ఉన్నాయి. రోజుకు ఐదు పీరియడ్లే అయినా మాకు "ఆరో పీరియడ్" ఒకటి ఉండేది: క్లాసులయ్యాక లైబ్రరీ మెట్ల మీద చేరి చీకటి పడేదాకా వాదించుకోవడం. హాజరు అక్కడే ఎక్కువ. వాక్యం ముగించడం ఇష్టంలేని లెక్చరర్ ఒకాయన "కామాగారు". ఆయన పాఠంలో గంట కొట్టేవారు గానీ పూర్ణవిరామం వచ్చేది కాదు. వెనక నవ్వుకున్నా "గారు" మాత్రం ఎవరూ వదలలేదు. చివరి పరీక్ష రాసిన కలాన్ని జూనియర్ చేతిలో పెట్టి వెళ్లే ఆచారం కూడా ఉండేది.

చిక్కు ఏమిటంటే, ఒక్కో మాటకు ముగ్గురు హక్కుదారులు తేలారు. ఎవరి కథ వారిదే. అర్థాలు మాత్రం రాసి ఊరుకోనా?

పాత బీరువా:
ఊరుకోవద్దు. అర్థం మీ బ్యాచ్‌కు ఎలాగూ తెలుసు, మీ పిల్లలకు అక్కర్లేదు. చదివించేది కథే. ముగ్గురు చెప్పినవీ పేర్లతో సహా వేయండి, తగవును కూడా అచ్చులోకి ఎక్కించండి.

కేంబ్రిడ్జిలో డిగ్రీ పరీక్షను ట్రైపాస్ అంటారు కదా, ఆ పేరు మొదట ఒక మూడుకాళ్ల పీటది. పట్టా కోసం వచ్చినవారితో వాదానికి దిగే పట్టభద్రుడు దానిమీద కూర్చునేవాడు, పీట పేరు ఆయనకు అంటుకుంది. తరవాత ఆ వేడుకలో పంచే హాస్య పద్యాలకు, ఆ కాగితం వెనక అచ్చయ్యే ఉత్తీర్ణుల జాబితాకు, చివరికి పరీక్షకే. మధ్యలో ఎవరూ రాసిపెట్టకపోతే ఇవాళ పీటకూ పరీక్షకూ సంబంధం ఎవరు చెప్పగలరు?

అక్కడి గణిత ట్రైపాస్‌లో ఆనర్స్ జాబితా అట్టడుగున నిలిచినవాడికి తోటివాళ్లు కొయ్య గరిటె ఇచ్చేవారు. పట్టా అందుకునే వేళ సెనేట్ హౌస్‌లో పైనుంచి తాడుతో దించేవారు! 1909 తరవాత ర్యాంకుల వరుస ప్రకటించడం మానేశారు, గరిటెకు అర్హుడెవరో తేల్చే దారి లేకుండా పోయింది. ఆఖరి గరిటె పడవ తెడ్డుతో చేసింది, మీటరుకు పైనే ఉంటుంది. మొదటి స్థానంలోనివాడు సీనియర్ రాంగ్లర్. 1899లో ఆ స్థానం పంచుకున్న మన దేశపు గణితవేత్త ఆర్.పి. పరాంజపేను మనవాళ్లు "రాంగ్లర్ పరాంజపే" అనే పిలిచారు. రాంగ్లర్ అంటే వాదించేవాడు. మీ మెట్లమీద గుంపంతా ఆ కోవే.

మూడో బెంచీ అమ్మాయి:
మారుపేర్ల దగ్గర మాత్రం కాస్త ఆగండి. మాట తీరును బట్టి పెట్టిన కామాగారు ముద్దుగానే ఉంది. రంగునో, నడకనో, ఒడ్డూపొడుగునో పట్టుకుని పెట్టినవి కూడా మీ జాబితాలో ఉండే ఉంటాయి. అవి పెట్టినవాళ్లకే తీపి గుర్తులు. నాకూ ఒకటి ఉండేది, ఇక్కడ రాయను. అచ్చు వేసేముందు ఆ పేరున్న మనిషిని అడగడం మర్యాద.

కలం సంగతి నాకు బాగా నచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షకు కార్నేషన్ పువ్వు పెట్టుకుని వెళతారు: మొదటిదానికి తెలుపు, మధ్యవాటికి గులాబీ రంగు, చివరిదానికి ఎరుపు. ఏటేటా కొత్తవాళ్లు అందుకుంటున్నారు కాబట్టే అది నిలిచింది. మీ కలం ఇంకా చేతులు మారుతోందో లేదో ఇప్పటి విద్యార్థులను కనుక్కోండి. మారుతుంటే వాళ్లచేతే ఒక పేజీ రాయించండి.

ఆరో పీరియడ్:
అడిగాను. కామాగారికి ఆ పేరు మొదటి ఏడాదే తెలుసట! ముందుమాట రాస్తానన్నారు. ఒక్క పేజీయే అని మనవి చేశాను, చూడాలి. ఒడ్డూపొడుగు పేర్లు నిజంగానే ఉన్నాయి, కొట్టేశాను.

కొలబద్ద:
మాటలతో పాటు చోట్లనూ ఎక్కించండి. 1958లో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థులు అక్కడి హార్వర్డ్ వంతెనను తమలో ఒకడైన ఆలివర్ స్మూట్‌తో కొలిచారు. పడుకోబెట్టడం, గీత గీయడం, జరపడం. అతని ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. వంతెన 364.4 స్మూట్లు, పైన ఒక చెవి అని తేల్చారు. ఆ గీతలకు ఇప్పటికీ రంగు వేస్తూనే ఉన్నారు. 1980లలో వంతెన బాగుచేసినప్పుడు కాలిబాట పలకలను కూడా స్మూట్ పొడవునే పోశారు. ఆ స్మూట్ తరవాత అంతర్జాతీయ ప్రమాణాల సంస్థకు అధ్యక్షుడయ్యాడు, ఇది మాత్రం కల్పించినా ఎవరూ నమ్మరు.

ఆ గీతలకు పట్టిన అదృష్టం మన గోడలకు ఉండదు. బల్లల మీద, హాస్టల్ తలుపుల వెనక మీ బ్యాచ్ రాతలేమైనా మిగిలుంటే ఎవరినైనా పంపి ఫొటోలు తీయించండి. సెలవులు వస్తే సున్నం కొట్టేస్తారు.